బస్సు తరువాత చూద్దాం, ముందు ఆటో కిరాయి ఇవ్వండి

దసరా సెలవుల తరువాత జరగబోయే సర్వసభ్య సమావేశం అజెండా వాట్సాప్‌లో అందరికీ వచ్చే ఉంటుంది. అందులో అయిదో అంశం: మహిళా సభ్యుల కోసం టౌన్లో క్యాన్సర్ పరీక్షల శిబిరం, దానికి మామోగ్రఫీ బస్సు అద్దె, ఆరోగ్య నిధి నుంచి డబ్బు. ఆ నిధి చూసే ఉపసంఘంలో ఉన్న మేము నలుగురం ఈ ప్రతిపాదనకు ఒప్పుకోవడం లేదు. ఆరోగ్యం పేరు పెట్టుకున్నవాళ్ళే అడ్డుపడుతున్నారేమిటని కొందరు అడిగారు. మీటింగులో లెక్కలు చదివేసరికే భోజనాల వేళవుతుంది, మాకు అయిదు నిమిషాలు కూడా మిగలవు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకొని చదవండి.

క్యాన్సర్ పరీక్షలు వద్దని మేము అనడం లేదు. ముందు మేము చేసిన తప్పు చెప్పి తరువాత అసలు విషయానికి వస్తాం.

రెండేళ్ళ కిందట మనం గోపాలపురం, సోనాపురం మధ్య తీరంలో ఒక చేపల ఊళ్ళో శిబిరం పెట్టాం. ఫొటోలు ఇదే పేజీలో ఇంకా ఉన్నాయి. ఆ ఊరంతా మనవాళ్ళే. టౌన్లో ఒరియావాళ్ళు వాళ్ళను నోలియాలంటారు, ఇంట్లో మాట మాత్రం తెలుగే. బీపీ చూశాం, షుగరు చూశాం. మన సభ్యుల బంధువు ఒక పళ్ళ డాక్టరు గారు తనంతట తానే వచ్చి, టార్చి వేసి పెద్దవాళ్ళ నోళ్ళు చూశారు. ఒక ముసలమ్మ, ఊళ్ళో అందరూ అప్ప అని పిలుస్తారు, మేమూ అలాగే పిలుస్తాం, లైన్లో నిలబడనంది. "నోట్లో ఏటుంటాది బాబూ, పళ్ళే నేవు కదా" అంది. బతిమాలి కూర్చోబెడితే నోరు తెరిచింది. అంగిట్లో తెల్లటి మచ్చ, దాని మధ్యలో ఎర్రటి పుండు. డాక్టరు గారి ముఖం మారింది. చీటీ రాసి, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని మాతో చెప్పారు.

ఆ చీటీ ఇంగ్లీషులో ఉంది. అది అప్ప చేతిలో పెట్టాం, దాంతో పాటు ఒక కాల్షియం మాత్రల సీసా కూడా ఇచ్చాం. అందరితో పాటు గ్రూపు ఫొటో దిగాం. సాయంత్రం అయిదింటికి టెంటు విప్పించి వచ్చేశాం. ఆ ఊరి ఆశా దీదీకి చెప్పామా? లేదు. అప్ప కొడుకు ఫోను నంబరు రాసుకున్నామా? లేదు. రిజిస్టరులో బీపీ అంకె ఉంది, షుగరు అంకె ఉంది, నోటి సంగతి రాయడానికి గడే లేదు. ఆ రిజిస్టరు గళ్ళు గీసింది మేమే.

పద్నాలుగు నెలల తరువాత మన సభ్యురాలి ఇంట్లో పనిచేసే అమ్మాయి మాటల్లో చెప్పింది, తన మేనత్త గంజి తాగితే ముక్కులోంచి వస్తోందని. ఆ మేనత్తే అప్ప. పుండు అంగిటిని తొలుచుకొని పైకి పోయింది. అప్పుడు పరిగెత్తాం. మెడికల్ కాలేజీలో ముక్క తీసి పరీక్షకు పంపారు, క్యాన్సర్ అని తేలింది. కటకం వెళ్ళమన్నారు. అప్ప విశాఖపట్నం వెళతానంది, జాలరిపేటలో చెల్లెలి కూతురుంది, అక్కడైతే డాక్టరు చెప్పేది అర్థమవుతుంది. పై దవడలో కొంత తీసేశారు, కరెంటు పెట్టారు. ఇప్పుడు అంగిటికి ప్లేటు పెట్టుకొని మెత్తగా కలిపిన అన్నం తింటోంది, మాట సగమే తెలుస్తుంది. మేము వెళితే ఇప్పటికీ కుర్చీ వేయిస్తుంది. ఆ కుర్చీలో కూర్చోవడం మాకు కష్టంగా ఉంటుంది.

అప్పకు వచ్చింది మన ప్రాంతానికి బాగా తెలిసిన జబ్బు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని పీల్చడాన్ని అడ్డపొగ అంటారని ఈ గ్రూపులో పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. మన నాయనమ్మల్లో ఎంతమంది అలా తాగేవారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, బూడిద బట్టల మీద పడదని, ఎత్తుకున్న పిల్లకు నిప్పు తగలదని వాళ్ళు చెప్పేవారు. ఆ వేడికి, పొగకు అంగిలి కాలుతుంది. దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గకో నాలుకకో వస్తే, ఇక్కడ ఆడవాళ్ళకు అంగిట్లో వస్తుంది. 1945లోనే బొంబాయి టాటా ఆసుపత్రి డాక్టర్ ఖనోల్కర్ ఈ అలవాటు వల్ల వచ్చే క్యాన్సర్ గురించి రాశారు. 1971లో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్లతో కలిసి, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించిన వివరాలు ప్రచురించారు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడ ఈ సంగతి రాసినా ఆ లెక్కే చెబుతారు. 1936లో గీసిన రాష్ట్రం గీత ఇచ్ఛాపురం దగ్గర ఆగుతుంది కానీ చుట్ట అలవాటు అక్కడ ఆగలేదు. కోపెన్‌హాగన్ నుంచి వచ్చి చూసినవాళ్ళున్నారు. బరంపురం నుంచి అరగంట ప్రయాణం చేసి వెళ్ళి మనం సరిగ్గా చూడలేదు.

ఇప్పుడు మామోగ్రఫీ బస్సు దగ్గరకు వద్దాం.

స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేని మనిషిని ముందుగా పరీక్షించడం. గడ్డ కనబడ్డాక, రక్తం పోతున్నప్పుడు చేసేది స్క్రీనింగ్ కాదు, జబ్బు నిర్ధారణ. ఈ రెండూ కలిపేసి మాట్లాడుకుంటున్నాం కాబట్టే పెద్ద మిషను వస్తే పని అయిపోతుందనుకుంటున్నాం. మన దేశంలో ప్రభుత్వం మూడు క్యాన్సర్లకు 30 ఏళ్ళు దాటినవాళ్ళకు స్క్రీనింగ్ చెయ్యాలని 2016లో మార్గదర్శకాలిచ్చింది: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఈ మూడింటిలో దేనికీ ఆ స్థాయిలో మిషను అక్కర్లేదు. నోటికి టార్చి, శిక్షణ ఉన్న కళ్ళు చాలు. రొమ్ముకు శిక్షణ ఉన్న నర్సు చేతులు. గర్భాశయ ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ యాసిడ్, అంటే ఇంట్లో వాడే వెనిగర్ లాంటిదే, పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లబడుతుంది. అయిదేళ్ళకోసారి చాలు. సబ్‌సెంటరు స్థాయిలో, ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు, అక్కడే జరగాలి. పైసా ఖర్చు లేదు.

మరి జరుగుతోందా? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా అని అడిగితే, దేశం మొత్తం మీద అవునన్నది నూటికి 1.9 మంది. రొమ్ము పరీక్ష 0.9. నోటి పరీక్ష కూడా 0.9. తమిళనాడులో మాత్రం గర్భాశయ ముఖద్వార పరీక్ష 9.8 దాకా వెళ్ళింది. అక్కడి ఆడవాళ్ళకు సిగ్గు తక్కువై కాదు, ప్రభుత్వ నర్సులు అడిగారు కాబట్టి. చెన్నైలో, కోయంబత్తూరులో ఉన్న మనవాళ్ళు ఇది చదువుతుంటే అక్కడ ఎలా జరుగుతోందో కింద రాయండి.

ఆ లెక్కల్లో మమ్మల్ని ఆపేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ 1.9ని విడదీస్తే పట్టణాల్లో 2.2, పల్లెల్లో 1.7. అంతే తేడా. వీధికో ల్యాబు, సందుకో స్కానింగ్ సెంటరు ఉన్న పట్టణంలో ఉండి, పల్లెకన్నా నూటికి అరమనిషి ఎక్కువ. పల్లెలో సౌకర్యం లేదు, టౌన్లో ఉంది, కాబట్టి టౌన్లో శిబిరం పెడితే అందరూ వస్తారన్న లెక్క ఇక్కడే తప్పుతోంది.

టౌన్లో మన ఆడవాళ్ళ సంగతే చూడండి. పల్లెలో వెయ్యి మందికి ఒక ఆశా ఉంటుంది. ఫారం నింపితే ఆమెకు 10 రూపాయలొస్తాయి. ఆ పదికి ఎండలో ఇల్లిల్లూ తిరగమంటున్నాం, అది వేరే సంగతి, ఎలాగైతేనేం ఎవరో ఒకరు గడప దాకా వస్తారు. పట్టణంలో ఆశాలు బస్తీలకే. అపార్టుమెంట్లకు, మన పాత వీధుల్లో పట్టుచీరల వ్యాపారాలున్న ఇళ్ళకు ఎవరూ రారు. డబ్బుంది, బండి ఉంది, ల్యాబు వీధి చివరే ఉంది, పరీక్ష చేయించుకోమని చెప్పే మనిషి మాత్రం లేదు. మా నలుగురిలోనే ముగ్గురం యాభై దాటినవాళ్ళం. నిరుడు ఈ పని మొదలుపెట్టేదాకా ముగ్గురిలో ఒక్కరం కూడా చేయించుకోలేదు. ఒకావిడ భర్త డాక్టరు కూడా.

ఇంకో ముచ్చట. అలా కదిలినవాళ్ళను దారి తప్పించేవాళ్ళు టౌన్లోనే ఎక్కువ. "క్యాన్సర్ ప్యాకేజీ" అని రక్తపరీక్షల జాబితా ఒకటి ల్యాబుల్లో అమ్ముతున్నారు. మనలో చాలామంది పెళ్ళిరోజు కానుకలా భార్యలకు చేయించారు కూడా. ఆ ట్యూమర్ మార్కర్లు జబ్బు ఉందని తేలినవాళ్ళలో వైద్యం ఎలా పనిచేస్తోందో చూడ్డానికి పనికొస్తాయి. ఏ బాధా లేనివాళ్ళకు స్క్రీనింగ్‌గా వాడమని ఎవరూ చెప్పలేదు. జబ్బు లేకపోయినా పెరగొచ్చు, జబ్బున్నా మామూలుగా ఉండొచ్చు. రక్తంలో ఏమీ లేదట అని ధీమాగా ఉన్న ఆవిడకు రొమ్ములో గడ్డ ఉన్నట్టు మా సభ్యురాలు చెయ్యి పెట్టి చూశాకే తెలిసింది. అదృష్టం బాగుండి అది క్యాన్సర్ కాదు.

బస్సు సంగతి. మామోగ్రఫీ మంచి పరీక్షే, కానీ వయసు పెరిగినవాళ్ళలో ఎక్కువ పనికొస్తుంది. చిన్నవయసు ఆడవాళ్ళ రొమ్ము దట్టంగా ఉంటుంది, ఫిల్ములో గడ్డ స్పష్టంగా కనబడదు, అనుమానం మాత్రం మిగులుతుంది. శిబిరానికి పేర్లిచ్చిన జాబితా మీరూ చూశారు. ఎక్కువమంది నలభై లోపువాళ్ళు, అందరూ టౌన్లో ఉండేవాళ్ళు. బస్సు వస్తుంది, సాయంత్రానికి పోతుంది, రిపోర్టులు వారం తరువాత మెయిల్లో వస్తాయి. పదిమందికి మళ్ళీ చూడాలి అని వస్తుంది. వాళ్ళను ఎవరు ఎక్కడికి తీసుకెళతారు? స్కానింగు, ముక్క పరీక్ష ఖర్చెవరిది? ఆ పదిమందిలో తొమ్మిది మందికి ఏమీ ఉండకపోవచ్చు, కానీ అది తేలేదాకా వాళ్ళకు నిద్ర ఉండదు. ప్రతిపాదనలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. అప్ప చేతిలో ఇంగ్లీషు చీటీ పెట్టిన పద్ధతే ఇది. ఈసారి కాస్త ఖరీదైన చీటీ.

మిషను లేకుండా చేసే పరీక్షల వల్ల ఏం లాభం, వట్టి కంటితో చూసి ఏం కనుక్కుంటారు అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన దేశంలోనే ఉంది. ముంబైలో టాటా వాళ్ళు డాక్టర్ శాస్త్రి ఆధ్వర్యంలో బస్తీల్లోని లక్షన్నర మంది ఆడవాళ్ళతో చేసిన పరిశోధనలో వెనిగర్ పరీక్ష చేసింది పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలు, నాలుగు వారాల శిక్షణతో. రెండేళ్ళకోసారి చూశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. తమిళనాడు దిండిగల్ జిల్లాలో పల్లెల్లో నర్సులు ఒక్కసారి చేసిన పరీక్షతోనే 35 శాతం తగ్గాయని 2007లో ప్రచురించారు. నోటికి తిరువనంతపురం దగ్గర చేశారు. పొగాకు, మందు అలవాటున్నవాళ్ళలో కంటితో చూసి పంపించడం వల్ల చావులు మూడో వంతు దాకా తగ్గాయని 2005లో తేలింది. రొమ్ముకు మళ్ళీ ముంబైలోనే, చేత్తో చేసే పరీక్ష వల్ల 50 దాటిన ఆడవాళ్ళలో చావులు 30 శాతం దగ్గరదగ్గరగా తగ్గాయి. 50 లోపువాళ్ళలో అంత లాభం కనబడలేదు, అది కూడా చెప్పాలి.

మన సభ్యుడైన ఒక డాక్టరు గారు ఫోను చేసి, వెనిగర్ పాత పద్ధతి, ఇప్పుడు హెచ్‌పీవీ పరీక్షే చెయ్యాలి అన్నారు. నిజమే. సోలాపూర్‌లో మన పద్మశాలీలున్నారు కదా, దాని పక్క జిల్లా ఉస్మానాబాద్‌లో లక్షా ముప్పై వేల మంది పల్లె ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధనలో, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేస్తే చావులు సగానికి తగ్గాయని 2009లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021 నుంచి దానికే మొదటి స్థానం ఇచ్చింది. ఆడవాళ్ళు ఎవరి ముందూ పడుకోకుండా, తలుపు వేసుకొని తామే నమూనా తీసుకోవచ్చు. మన ఊళ్ళకు ఇది చాలా పెద్ద సౌకర్యం. దొరికిన రోజున వెంటనే మారదాం. అది వచ్చేదాకా ఏమీ చెయ్యకుండా కూర్చోవడానికి మేము ఒప్పుకోం.

ఈ పరిశోధనలన్నిటిలో ఒక విషయం గమనించండి. ఎక్కడా ఒక రోజు శిబిరంతో సరిపెట్టలేదు. తేడా ఉన్న మనిషిని పట్టుకొని, పై పరీక్ష దాకా, వైద్యం దాకా తీసుకెళ్ళారు. లాభమంతా అందులోనే ఉంది. చూసి వదిలేస్తే చూడనట్టే.

తీసుకెళ్ళడం అంటే మన దగ్గర ఏమిటో కూడా చెబుతాం, టౌన్లో ఉన్నవాళ్ళకు ఇది తెలియదు. మేము నిరుడు మూడు ఊళ్ళు తిరిగి తెలుసుకున్నాం.

చేపలమ్మే ఆడమనిషికి ఒక రోజు ఆసుపత్రి అంటే ఒక రోజు గంప దిగదు. తెల్లారి నాలుగింటికి పడవ వస్తుంది, ఆరింటికి బజారుకు చేరాలి. ఆసుపత్రిలో ఓపీ చీటీ కట్టేది తొమ్మిదింటికి. రెండూ కుదరవు. ఆ రోజు కూలీ పోయి, ఆటోకు పోయి, అక్కడ "రేపు రండి" అంటే మర్నాడు ఎవరొస్తారు? మేము ఈ తిప్పలు చూశాక ఒక చిన్న సంగతి తట్టింది. ఒరియా ఇళ్ళల్లో గురువారం నీచు ముట్టరు, చాలామంది సోమవారం కూడా. కార్తీకమంతా అంతే, మార్గశిర గురువారాలైతే చెప్పనే అక్కర్లేదు, ఇంటింటా లక్ష్మీపూజ. ఆ రోజుల్లో చేప అమ్ముడుపోదు, వీళ్ళకు ఖాళీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడూ ఖాళీయే. మనం మాత్రం శిబిరాలన్నీ ఆదివారం పెడుతూ వచ్చాం. ఆదివారం వాళ్ళకు వారంలో కెల్లా ఎక్కువ బేరం. ఎందుకు ఆదివారం? మనకు సెలవు కాబట్టి.

భాష ఇంకొకటి. ఆశా దీదీ ఒరియాలో చెబుతుంది, గోడ మీద బొమ్మ ఒరియాలో ఉంటుంది. మనవాళ్ళకు బజారు ఒరియా వచ్చు, బేరమాడడం వచ్చు. కానీ తెల్లబట్ట అవుతోందని, బహిష్టు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడిందని చెప్పుకునే ఒరియా రాదు. ఆ మాటలు అమ్మ భాషలోనే, అదీ గుసగుసగా వస్తాయి. మేము పక్కన కూర్చుంటే చెప్పారు. నర్సు మంచిదే, ఓపికైనదే, కానీ ఆమె అడిగితే "బాగానే ఉన్నాను" అన్నారు. ఒకావిడ అయితే బయటికొచ్చాక మా చెయ్యి పట్టుకొని, "ఆ మాట దానికెలా సెప్తానమ్మా, నోరు రాదు కదేటి" అంది.

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంకో తికమక. అక్కడివాళ్ళకు బరంపురం కన్నా పాతపట్నం, శ్రీకాకుళం దగ్గర. సగం చుట్టాలు అవతలే. పెద్ద జబ్బంటే అందరి కాళ్ళూ విశాఖ వైపే నడుస్తాయి, అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి వచ్చాక మరీను. కానీ ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఆ రాష్ట్రంవాళ్ళకే. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ పథకంలో చేరింది కాబట్టి ఇప్పుడు ఆ కార్డు వేరే రాష్ట్రంలో ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఏ ఆసుపత్రిలో, ఏ వైద్యానికి అన్నది ముందే ఫోను చేసి కనుక్కోవాలి. ఆ ఫోను చేసేవాళ్ళెవరు? ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ కార్డులు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. బయట ఓపీలో చేసే స్కానింగులు, మందులు, దారి ఖర్చు, తోడు వచ్చినవాళ్ళ తిండి, ఇవన్నీ చేతి నుంచే. లక్షల వైద్యం ఉచితం, కానీ అక్కడి దాకా చేర్చే వందలకే మనుషులు ఆగిపోతున్నారు. అప్ప విషయంలో ఆపరేషన్ బిల్లు కన్నా, మూడుసార్లు రైలెక్కించి తీసుకెళ్ళిన ఖర్చే ఆ ఇంటిని అప్పులో పడేసింది.

అందుకని మేము అడిగేది ఇది. బస్సుకు అనుకున్న డబ్బు మూడు పనులకు ఇవ్వండి. ఆటో కిరాయి, పోయిన రోజు కూలీ. పై పరీక్ష దాకా అయ్యే చిల్లర ఖర్చులు. ఇక మూడోది, డబ్బుతో కొనలేనిది: తోడు. రెండు భాషలూ మాట్లాడగలిగిన మన ఆడవాళ్ళు, నెలకు రెండు గురువారాలు. పరీక్ష చేసేది సబ్‌సెంటరు నర్సే, మనం కాదు. ఇప్పటికే ఉన్న మనిషి దగ్గరకు మనవాళ్ళను చేర్చడం, తేడా అన్నవాళ్ళ పేరు రాసుకోవడం, ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా ఫోను చేస్తూ ఉండడం. రిజిస్టరులో ఈసారి గడి గీశాం. "పంపించాం" అని కాకుండా "చేరింది, ఏం తేలింది" అని ఆ గడిలో రాయాలి.

దీనికి వచ్చిన అభ్యంతరాలు కూడా దాచం. సంఘం డబ్బు సభ్యుల కోసం, ఆ ఊళ్ళవాళ్ళు చందా కట్టిన సభ్యులు కారు అని ఒకరన్నారు. లెక్క ప్రకారం నిజమే. కానీ మన తెలుగు మాధ్యమం పాఠశాల కోసం, భాషా మైనారిటీ హక్కుల కోసం అర్జీ పెట్టినప్పుడల్లా మన జనాభా ఇంత అని ఆ ఊళ్ళ తలలన్నీ లెక్కవేసి రాశాం. అప్పుడు వాళ్ళు మనవాళ్ళు. ఇంకొకరు, దాతలకు కనబడే పని కావాలి, ఆటో కిరాయికి బ్యానరు ఎక్కడ కడతాం అన్నారు. మాకు నవ్వొచ్చింది, కానీ ఆయన అన్నది అబద్ధం కాదు. బస్సు ఇస్తానన్న దాత గారితో మేము మాట్లాడతాం. ఆయన తల్లిగారు కూడా చుట్ట తాగేవారట.

ఈ పద్ధతిలో మాకూ భయాలున్నాయి. నలుగురం ఎంతకాలం తిరుగుతాం? ఒక నర్సు బదిలీ అయితే మళ్ళీ మొదటికి వస్తుంది. నిరుడు మేము తీసుకెళ్ళిన ఒక రోజున సబ్‌సెంటరులో ఎసిటిక్ యాసిడ్ లేదు, ఇంకో రోజు గదికి గొళ్ళెం లేదు, పదకొండు మంది ఆడవాళ్ళను వెనక్కి తీసుకొచ్చాం. వాళ్ళలో ఆరుగురే రెండోసారి వచ్చారు. గొళ్ళెం మేమే కొని పెట్టించాం. బస్సు ప్రతిపాదనతో పోలిస్తే ఇది ముక్కుతూ మూలుగుతూ నడిచే పని, ఏడాదికి ఇన్ని వేలమంది అని నివేదికలో రాసుకోలేం. టౌన్లో ఉన్న సభ్యురాళ్ళకు ఏమీ లేదా అంటే ఉంది. వాళ్ళకు శిబిరం కన్నా ఒక ఫోను చాలు. ముప్పై దాటిన సభ్యురాళ్ళ జాబితా తీసుకొని, పుట్టినరోజు నెలలో ఒకరికొకరం ఫోను చేసి, ఏ ఆసుపత్రిలో ఏ రోజు చేస్తారో చెప్పి, అయిందా అని మళ్ళీ అడగడం. ఖర్చు లేదు. యాభై దాటి, మామోగ్రామ్ చేయించుకోగలిగినవాళ్ళు టౌన్లోనే చేయించుకోండి, డాక్టరుతో మాట్లాడి.

ఓటింగుకు పెడితే మేము ఓడిపోవచ్చు. బస్సే వస్తుందంటే వచ్చిన రోజున పనిచెయ్యడానికి మేము సిద్ధం. కానీ మళ్ళీ చూడాలి అని వచ్చిన ప్రతి పేరు ఎవరి బాధ్యతో ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టాలని ఆ తీర్మానంలోనే సవరణ అడుగుతాం. ఆ సవరణను బలపరిచేవాళ్ళు మాకు ఇద్దరు కావాలి.

మార్గశిరంలో నాలుగు గురువారాలకు మూడు ఊళ్ళు అనుకున్నాం. ఆశా దీదీలతో మాట అయింది, ఒక ఊళ్ళో నర్సు గారు తేదీ కూడా ఇచ్చారు. తోడు రాగలిగిన ఆడవాళ్ళు ఈ పోస్టు కింద పేరు, వీలైన గురువారం రాయండి. ఉదయం ఎనిమిదింటికి పాత బస్టాండు దగ్గర ఆటోలు ఎక్కుతాం, మధ్యాహ్నం రెండింటికి తిరిగి వచ్చేస్తాం. మొదటి ఊళ్ళో అప్ప తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టుకుంటానంది. చుట్ట తాగే ఆడవాళ్ళను తానే పిలిచి పోగుచేస్తానంది.